“నా వల్ల అవుతుందా?” అన్న ప్రశ్నతోనే మారథాన్‌కు సిద్ధం కావడం ఎలా

రిజిస్ట్రేషన్ పేజీ తెరిచి, పేరూ వయసూ టీషర్టు సైజూ అన్నీ నింపి, చివరి బటన్ నొక్కకుండా మూసేసిన సందర్భాలు నాకు మూడున్నాయి. అప్పటికి రెండేళ్లుగా పరిగెడుతున్నాను. పది కిలోమీటర్లు ఆగకుండా వెళ్లగలను. అయినా 42.195 కిలోమీటర్లు అనేసరికి లోపల ఒక గొంతు “అది నీలాంటివాళ్ల పని కాదు” అనేది. ఆ గొంతు పోయాక మొదలుపెడదామని ఏడాది ఆగాను. పోలేదు. నాలుగోసారి అది వినిపిస్తుండగానే బటన్ నొక్కాను. మొదటి ప్రయత్నంలో 33వ కిలోమీటరు దగ్గర ఆగిపోయాను. రెండో ప్రయత్నంలో పూర్తి చేశాను. ఇప్పటికీ ప్రతి లాంగ్ రన్‌కూ (వారానికోసారి చేసే దూరపు పరుగు) ముందు రాత్రి ఆ గొంతు వస్తూనే ఉంటుంది.

అందుకే సందేహాన్ని పోగొట్టే చిట్కాలేవీ ఇక్కడ చెప్పడం లేదు. సందేహం ఉండగానే ఏం చేయాలో చెబుతాను. నేను గమనించింది ఒక్కటే: “నా వల్ల కాదు” అనే మాట లోపల చాలాసార్లు ఒక చిన్న ప్రశ్న ఉంటుంది, దానికి జవాబు కనుక్కోవచ్చు. ఆ ప్రశ్నను బయటికి తీసి, జవాబు కోసం శిక్షణలో ఒక తేదీ కేటాయించాలి. నేను మారథాన్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. మీ లక్ష్యం మొదటి హాఫ్ మారథాన్ అయినా, 50 కిలోమీటర్ల అల్ట్రా అయినా, నాలుగు గంటల్లోపు మారథాన్ అయినా దూరాలు మారతాయి, పద్ధతి మారదు.

1. సందేహాలను ఉన్నవి ఉన్నట్టు రాయండి

ఒక నోట్‌బుక్ కొనుక్కోండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. ఈ ప్రయాణం మొత్తానికి అదే మీ ముఖ్యమైన పరికరం, బూట్ల తర్వాత. మొదటి పేజీలో మీ లోపలి గొంతు అనే మాటలన్నీ అది అన్నట్టే రాయండి. “మోకాళ్లు అరిగిపోతాయి.” “నేను చాలా నెమ్మది, కటాఫ్ లోపల చేరలేను.” “ఈ వయసులో ఎందుకు?” “మధ్యలో ఆగిపోతే నలుగురూ ఏమనుకుంటారు?” “నేను ఏదీ చివరిదాకా చేయను.” మర్యాదగా మార్చి రాయకండి. మార్చి రాస్తే అసలు ప్రశ్న దొరకదు.

రాశాక ఒక్కో వాక్యం పక్కన, దీనికి జవాబు ఎవరు చెప్పగలరు అని రాయండి.

కొన్నింటికి డాక్టరే చెప్పాలి. ఛాతీలో నొప్పి, పరుగులో కళ్లు తిరగడం, బీపీ, షుగర్, కుటుంబంలో చిన్న వయసులో గుండె జబ్బు, పాత గాయం వంటివి ఉంటే శిక్షణ మొదలుకాకముందే పరీక్ష చేయించుకోండి. ఇవి ధైర్యంతో దాటాల్సిన సందేహాలు కావు, వినాల్సినవి.

కొన్నింటికి శిక్షణ జవాబు చెబుతుంది. “కటాఫ్ లోపల చేరలేను” అన్నదాన్ని తీసుకోండి. రేసు కటాఫ్, అంటే ముగించాల్సిన గడువు, ఆరు గంటలైతే కిలోమీటరుకు దాదాపు 8 నిమిషాల 32 సెకన్లు పడుతుంది. అంటే అసలు ప్రశ్న ఇది: “నడక కలుపుకుని అయినా, 25 కిలోమీటర్ల వరకు 8 నిమిషాల 15 సెకన్ల సగటు నిలబెట్టగలనా?” ఇది భయపెట్టే మాట కాదు, పరీక్షించదగ్గ మాట. 13వ వారంలో ఒక ఉదయం దానికి జవాబు వస్తుంది. అప్పటిదాకా ఆ ప్రశ్న గురించి బాధపడాల్సిన పని లేదు.

మిగిలినవి అరువు తెచ్చుకున్న సందేహాలు. ఎవరో ఎప్పుడో అన్న మాట మన గొంతుతో వినిపిస్తుంటుంది. అరువు సందేహం ఎంత దూరం పోగలదో చెప్పడానికి పరుగు చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళల 800 మీటర్ల పరుగు చివర కొందరు అలసిపోయి పడుకుంటే, ఆడవాళ్ల శరీరం ఇంత దూరం తట్టుకోలేదని ఆ పోటీనే తీసేశారు. మళ్లీ 1960లో గానీ పెట్టలేదు. మహిళల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో, లాస్ ఏంజెలెస్‌లో. దాన్ని గెలిచిన జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో పూర్తి చేసింది. అంతకుముందు అమెరికా సెలక్షన్ రేసుకు 17 రోజుల ముందే ఆమె మోకాలికి ఆర్థ్రోస్కోపీ అనే శస్త్రచికిత్స జరిగింది. “తట్టుకోలేరు” అన్న మాటను పరీక్షించకుండానే అన్నేళ్లు నిజమనుకున్నారు. మీ జాబితాలో కూడా అలాంటి వాక్యాలు ఉంటాయి. అవి ఎవరివో గుర్తుపట్టి, వాళ్ల పేరు పక్కన రాసి, వదిలేయండి. కొట్టేయాల్సిన పని కూడా లేదు.

2. ఒక లక్ష్యం కాదు, మూడు పెట్టుకోండి

ఒకే ఒక్క లక్ష్యం ఉంటే, అది కుదరదని తెలిసిన క్షణంలో మనసు పూర్తిగా కూలిపోతుంది. మూడు ఉంటే కాళ్ల కింద నేల ఉంటుంది. మొదటిది, అన్నీ కలిసొస్తే సాధ్యమయ్యేది. రెండోది, మామూలు రోజున మీ శిక్షణ ఇవ్వాల్సిన ఫలితం. మూడోది, అన్నీ ఎదురు తిరిగినా పట్టుకోదగ్గది. నా మూడో లక్ష్యం ఎప్పుడూ “నవ్వుతూ కాకపోయినా, కుంటకుండా ముగింపు గీత దాటాలి.”

మీ అంకె గాలిలోంచి రాకూడదు. పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజినీరు ఇచ్చిన సూత్రం ఒకటి రన్నర్లు చాలాకాలంగా వాడుతున్నారు. దూరం ఎన్ని రెట్లు పెరిగిందో, ఆ అంకెను 1.06 ఘాతానికి పెంచి, మీ పాత సమయంతో గుణించాలి. దూరం రెట్టింపైతే సమయాన్ని సుమారు 2.085తో గుణించడమన్నమాట. హాఫ్ మారథాన్ 2 గంటల 10 నిమిషాల్లో చేసినవారికి మారథాన్ 4 గంటల 31 నిమిషాలు వస్తుంది. అయితే వారానికి తక్కువ కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ల విషయంలో ఈ లెక్క కాస్త ఆశ ఎక్కువ చూపిస్తుంది. మొదటి మారథాన్ అయితే వచ్చిన అంకెను మొదటి లక్ష్యంగా పెట్టుకుని, దానికి ఇంకో 15 నిమిషాలు కలిపి రెండో లక్ష్యంగా రాసుకోమని నా సలహా.

ఇక గడువు. వారానికి నాలుగు రోజులు, మొత్తం 30 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా పరిగెత్తగలిగితే 18 వారాలు సరిపోతాయి. అంత లేకపోతే ముందు మూడు నెలలు ఆ స్థితికి రావడానికే పెట్టండి. ఈ మూడు నెలలను దాటవేయకండి. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి. స్నాయువులు, ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. “ఊపిరి బాగా అందుతోంది, ఇంకొంచెం పెంచుదాం” అనిపించే దశలోనే చాలామందికి గాయాలవుతాయి.

3. శిక్షణ: సందేహానికి రుజువులు చూపించే పద్దెనిమిది వారాలు

సందేహం ఎక్కువగా ఉన్నవాళ్లు ఒక తప్పు చేస్తారు. నేనూ చేశాను. ప్రతి రోజూ వేగంగా పరిగెత్తుతారు. ప్రతి పరుగూ ఒక పరీక్షలా, ఈ రోజు కూడా నేను పనికొస్తానని రుజువు చేసుకోవాలన్నట్టు. దాంతో కాళ్లు ఎప్పుడూ అలసటలోనే ఉంటాయి, లాంగ్ రన్ పాడవుతుంది, పాడైన లాంగ్ రన్ చూసి సందేహం ఇంకా పెరుగుతుంది. ఈ వలయం నుంచి బయటపడటానికి దారి ఒకటే: నెమ్మదిగా పరిగెత్తడం నేర్చుకోవాలి.

ఈజీ రన్ అంటే పక్కన ఉన్నవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం. మూడు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది ఈజీ కాదు. ప్రపంచస్థాయి దూరపు పరుగువీరుల శిక్షణను పరిశీలించిన స్టీఫెన్ సైలర్ వంటి శాస్త్రవేత్తలు, వాళ్ల సెషన్లలో దాదాపు 80 శాతం ఇలా తేలికగానే సాగుతాయని గమనించారు. వాళ్లకే అంత నెమ్మది అవసరమైతే మనకు ఎంత అవసరమో ఆలోచించండి. మొదట్లో ఈ వేగం చూసి సిగ్గనిపిస్తుంది. నాకైతే వాచ్ స్క్రీన్ మీద పేస్, అంటే కిలోమీటరుకు పట్టే సమయం, కనిపించకుండా పెట్టుకునేదాకా కుదరలేదు.

వారం ఇలా ఉండొచ్చు. సోమవారం విశ్రాంతి. మంగళవారం ఈజీగా 8 కిలోమీటర్లు. బుధవారం 25 నిమిషాల బలం వ్యాయామాలు: స్క్వాట్స్, లంజెస్, పిక్కల కోసం మడమలెత్తి దించడం, ప్లాంక్. గురువారం టెంపో: రెండు కిలోమీటర్లు వార్మప్, ఆపైన 20 నిమిషాలు కష్టంగా ఉన్నా అదుపులో ఉండే వేగం, తర్వాత మళ్లీ నెమ్మది. శుక్రవారం విశ్రాంతి. శనివారం ఈజీగా 6, ఓపికుంటే ఇంకోసారి బలం వ్యాయామాలు. ఆదివారం లాంగ్ రన్. మీ పనివేళల్ని బట్టి రోజులు మార్చుకోండి. కష్టమైన రెండు రోజులు పక్కపక్కన రాకుండా చూసుకుంటే చాలు.

లాంగ్ రన్ కిలోమీటర్లు నేను వేసుకున్న వరుస ఇది: 14, 16, 18, తర్వాత తగ్గించి 13. మళ్లీ 20, 22, 24, తగ్గించి 16. తర్వాత 26, 28. 11వ వారంలో ఒక హాఫ్ మారథాన్ రేసు. 12వ వారం 18, తర్వాత 30, 22, 32. అక్కడి నుంచి 20, 13, చివరి ఆదివారం రేసు. మధ్యమధ్యలో తగ్గే వారాలను వదులుకోకండి, శరీరం బలపడేది అప్పుడే. ఇంకో మాట: లాంగ్ రన్ మూడున్నర గంటలు దాటుతుంటే దూరం పూర్తి కాకపోయినా ఆపేయండి. అంతకు మించితే వచ్చే లాభం కన్నా కోలుకోవడానికి పట్టే కాలం ఎక్కువ.

“శిక్షణలో 42 ఎప్పుడూ పరిగెత్తకుండా రేసులో ఎలా?” అని అందరూ అడుగుతారు. ఇది మంచి సందేహం, జవాబు ఉన్న సందేహం. 32 కిలోమీటర్ల రోజున మీరు దానికి ముందు వారాల అలసటంతా మోస్తూ పరిగెడతారు. రేసు రోజున మూడు వారాలు తగ్గించి, బాగా నిద్రపోయి, దారి పొడవునా నీళ్లూ జెల్స్ (పరుగులోనే మింగే చక్కెర పేస్టు ప్యాకెట్లు) అందుతుండగా పరిగెడతారు. రెండు రోజుల్లో కాళ్లు ఒకేలా ఉండవు. మిగిలిన పది కిలోమీటర్లు అక్కడినుంచి వస్తాయి.

పూర్తిగా పరిగెత్తలేమనిపిస్తే, 1972 ఒలింపిక్స్‌లో పాల్గొన్న జెఫ్ గాలోవే ప్రచారంలోకి తెచ్చిన రన్-వాక్ పద్ధతి ఉంది. అలసిపోయాక కాదు, మొదటి కిలోమీటరు నుంచే నిర్ణీత వ్యవధిలో నడవడం. ఉదాహరణకు నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. దీన్ని ఓటమి అనుకునేవాళ్లు ఉన్నారు. నేను అనుకోను. ముందే వేసుకున్న ప్రణాళిక ప్రకారం నడవడం వేరు, వేరే దారిలేక నడవడం వేరు.

నొప్పి గురించి స్పష్టంగా తెలుసుకోండి, ఎందుకంటే సందేహం నొప్పిని అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది, మొండితనం నొప్పిని దాచిపెడుతుంది. రెండు కాళ్లలోనూ సమానంగా ఉండి, పది నిమిషాలు పరిగెత్తాక తగ్గే నొప్పి మామూలు బడలిక. ఒకే చోట వేలితో చూపించగలిగేది, పరిగెత్తేకొద్దీ పెరిగేది, రాత్రి నిద్రలో కూడా సలిపేది, నడక మార్చేది బడలిక కాదు. అలాంటప్పుడు ఆగి ఫిజియోనో డాక్టర్నో కలవండి. ఎముకలో సన్నని పగులు మీద పరిగెత్తితే కొన్ని వారాల్లో పోయేది నెలలు తింటుంది.

4. రుజువుల పుస్తకం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా విషయంలో పని చేసింది ఇదే.

మనిషికి “నేను చేయగలను” అన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించారు. ఆయన చెప్పిన మార్గాలు నాలుగు. స్వయంగా చేసి చూసిన అనుభవం, మనలాంటివాళ్లు చేయడం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, మన శరీరం ఇచ్చే సంకేతాలను మనం అర్థం చేసుకునే తీరు. వీటిలో మొదటిదే అన్నింటికన్నా బలమైనది. ప్రోత్సాహపు మాటలు ఎన్ని విన్నా రెండు రోజుల్లో ఎందుకు ఆవిరైపోతాయో, ఒక్క 24 కిలోమీటర్ల పరుగు నెలపాటు ఎందుకు నిలబెడుతుందో నాకు ఇది చదివాకే అర్థమైంది.

చిక్కు ఏమిటంటే, చేసిన పనిని మనసు త్వరగా మరిచిపోతుంది. చెడిన రోజు గుర్తుంటుంది, కుదిరిన పది రోజులు కలిసిపోతాయి. అందుకే రాయాలి. ప్రతి పరుగుకూ మూడు వరుసలు చాలు: బయలుదేరే ముందు ఏం భయపడ్డాను, ఏం పరిగెత్తాను, నిజంగా ఏం జరిగింది. నా పుస్తకంలోంచి ఒకటి: “ముందు: కాళ్లు బరువుగా ఉన్నాయి, 22 కావు, పదికే తిరిగొస్తాను. పరుగు: 22. జరిగింది: మొదటి ఐదు చాలా కష్టం, ఆరో కిలోమీటరు నుంచి మామూలు. చివరి రెండు బాగున్నాయి.” మొదటి వరుసను తప్పకుండా పరుగుకు ముందే రాయండి. తర్వాత రాస్తే “నాకు ముందే తెలుసు” అని మనసు మార్చేస్తుంది.

పన్నెండో వారంలో కూర్చుని మొదటి వరుసలన్నీ ఒకసారి, మూడో వరుసలన్నీ ఒకసారి చదవండి. భయం చెప్పిన జోస్యాల్లో ఎన్ని నిజమయ్యాయో మీ చేతిరాతలోనే ఉంటుంది. కొన్ని నిజమై ఉంటాయి కూడా. అవి దాచకండి. అవి ఏ పరిస్థితుల్లో నిజమయ్యాయో చూడండి. నా విషయంలో చెడిన పరుగులన్నిటికీ ముందు రాత్రి ఐదు గంటల లోపు నిద్ర ఉంది. నా మానసిక బలం గురించి నేను వేసుకున్న ప్రశ్నకు జవాబు నిద్రలో దొరికింది.

రెండో మార్గం గురించి ఒక మాట. ఛాంపియన్ల వీడియోలు చూస్తే ఉత్సాహం వస్తుంది, కానీ “వాళ్లు వేరు” అని సందేహం వెంటనే అంటుంది. మీ వయసు, మీ పనిభారం, మీ వేగం ఉన్న ఒక్క మనిషిని పట్టుకోండి. మీకన్నా ఏడాది ముందు మొదలుపెట్టినవాళ్లయితే ఇంకా మంచిది. వయసే మీ సందేహమైతే ఫౌజా సింగ్‌ను గుర్తుచేసుకోండి. ఆయన మొదటి మారథాన్ లండన్‌లో, 89వ ఏట. 2011లో టొరంటోలో మారథాన్ పూర్తి చేసేనాటికి ఆయన వయసు 100. ఇక రన్నింగ్ యాప్‌లో ఇతరుల పేస్ చూసి మనసు పాడవుతుంటే ఆ 18 వారాలూ దాన్ని ఆపేయండి. మీ పోలిక మీ పుస్తకంలో మూడు నెలల కిందటి పేజీతోనే.

5. కష్టంలో మీతో మీరు మాట్లాడుకునే మాట

2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, కొందరికి రెండు వారాల పాటు తమను తాము ఉత్సాహపరచుకునే మాటలు సాధన చేయించి సైకిల్ మీద ఓపిక పరీక్షించారు. అలసిపోయి ఆగేదాకా తొక్కిన సమయం సగటున 18 శాతం పెరిగింది. అధ్యయనం చిన్నదే, 24 మందితో చేసింది. కాళ్లలో కొత్త బలం రాలేదు, కష్టం తక్కువగా అనిపించింది, అంతే. నాకు అందులో నచ్చింది “సాధన” అన్న భాగం. రేసు రోజున కొత్తగా గుర్తొచ్చే నినాదం పనిచేయదు. లాంగ్ రన్‌లో ఇరవైసార్లు వాడి అరిగిన మాట పనిచేస్తుంది.

మాట చిన్నగా, మీరు నిజంగా మాట్లాడే తీరులో ఉండాలి. “నేను అజేయుణ్ని” వంటివి నా మనసు నమ్మదు. “ఇంకో కిలోమీటరు చూద్దాం” నమ్ముతుంది. “భుజాలు వదులు. చిన్న అడుగులు వెయ్యి” అన్నది ఇంకా మంచిది, ఎందుకంటే అందులో చేయాల్సిన పని ఉంది. నాతో నేను “నువ్వు” అని మాట్లాడుకుంటే, పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించి తేలికవుతుంది. ప్రయత్నించి చూడండి.

దీనితో పాటు “ఇలా అయితే అలా” వాక్యాలు రాసుకోండి. మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ వీటిపై చాలా పరిశోధన చేశారు. నిర్ణయం ముందే అయిపోయి ఉంటే, అలసిన మెదడు ఆ క్షణంలో వాదించాల్సిన పని ఉండదు. నావి ఇవి: “పొద్దున అలారం మోగాక ఇవాళ్టికి మానేద్దామనిపిస్తే, బూట్లు వేసుకుని పది నిమిషాలు బయటికి వెళ్తాను, అప్పటికీ వద్దనిపిస్తే తిరిగొస్తాను.” “ఒక పరుగు తప్పితే, దాన్ని మర్నాటికి కలపను, వదిలేస్తాను.” “రేసులో ఆగిపోవాలనిపిస్తే, ముందు ఒక జెల్ తీసుకుని, వచ్చే నీళ్ల పాయింట్ దాకా వెళ్లాకే ఆలోచిస్తాను.”

6. ముప్పయ్యో కిలోమీటరు గొంతు ఎక్కడినుంచి వస్తుంది

కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుందని లెక్క. 65 కిలోల మనిషికి మారథాన్ మొత్తానికి 2,700 పైచిలుకు. కండరాల్లో, కాలేయంలో చక్కెర ఇంధనమైన గ్లైకోజెన్‌గా నిల్వ ఉండేది సుమారు 2,000. కొంత శక్తి కొవ్వు నుంచి వస్తుంది, కానీ వేగం పెంచేకొద్దీ గ్లైకోజెన్ త్వరగా కరుగుతుంది. చాలామంది 30, 35 కిలోమీటర్ల మధ్య “వాల్”ను ఢీకొట్టడానికి కారణం ఇదే. కాళ్లు రాయిలా మారతాయి, మనసు ఒక్కసారిగా చీకటి పడుతుంది. ఆ చీకటిలో వినిపించే “నీ వల్ల కాదు”లో చాలా భాగం ఆకలి. నా మొదటి మారథాన్‌లో అది నా అసలు స్వభావమే బయటపడిందనుకున్నాను. నేను మొదటి జెల్ తీసుకున్నది 25వ కిలోమీటరు దగ్గర. అప్పటికే ఆలస్యమైపోయింది.

పరుగు మొదలైన 30, 40 నిమిషాల నుంచే గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు తీసుకోండి. చాలా జెల్స్‌లో 20 నుంచి 30 గ్రాములు ఉంటాయి, ప్యాకెట్ మీద చూసుకోండి. పొట్టకూ శిక్షణ కావాలి కాబట్టి 20 కిలోమీటర్లు దాటిన ప్రతి లాంగ్ రన్‌లోనూ రేసులో వాడబోయేదే వాడండి.

నీళ్లు దాహాన్ని బట్టి. ఎక్కువ తాగడమూ ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది రన్నర్లలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గిపోయిందని తేలింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగి ఉండటం, అంటే అవసరానికి మించి తాగడం, దానికి ప్రధాన కారణంగా కనిపించింది.

7. చివరి మూడు వారాలు

టేపర్‌లో, అంటే రేసు ముందు పరుగు తగ్గించే ఈ దశలో, వారపు కిలోమీటర్లు క్రమంగా సగం దాకా తగ్గుతాయి. వేగం మాత్రం అలాగే కొద్దికొద్దిగా ఉంచండి, గురువారం నాలుగు కిలోమీటర్లు రేసు పేస్‌తో. ఈ రోజుల్లో టెన్షన్ విపరీతంగా పెరుగుతుంది. ఎన్నడూ లేని నొప్పులు కనిపిస్తాయి. “శిక్షణ చాలలేదు, ఒక్కసారి 35 పరిగెత్తి చూసుకుందాం” అనిపిస్తుంది. వద్దు. ఈ రెండు మూడు వారాల్లో కొత్త బలం రాదు, ఉన్నది పోవచ్చు. పరిగెత్తాలనిపించిన ప్రతిసారీ పుస్తకం తెరిచి 32 కిలోమీటర్ల రోజు పేజీ చదవండి. అలవాటైన బూట్లు, సాక్సులు, జెల్స్ పక్కన పెట్టుకోండి. రేసు ముందు రాత్రి నిద్ర పట్టకపోతే కంగారు పడకండి, అంతకు ముందు రాత్రులు బాగా పడుకుని ఉంటే సరిపోతుంది.

8. రేసు రోజు

మొదటి ఐదు కిలోమీటర్లు లక్ష్యం కన్నా కిలోమీటరుకు 10 సెకన్లు నెమ్మదిగా. 4 గంటల 30 నిమిషాలు మీ లక్ష్యమైతే సగటు పేస్ 6 నిమిషాల 24 సెకన్లు, కాబట్టి 6:34తో మొదలుపెట్టండి. అందరూ దాటిపోతారు. పోనివ్వండి. 10 దాకా ఓపిక పట్టడమే పని. 10 నుంచి 30 దాకా జెల్, నీళ్లు, భుజాలు, అంతే ఆలోచించండి. 30 దాటాక కిలోమీటరు కిలోమీటరే లెక్క.

ఆ రోజు మనసు బాగాలేకపోవచ్చు. 2018 బోస్టన్ మారథాన్ చలి, జోరువాన, ఎదురుగాలి మధ్య జరిగింది. అమెరికా రన్నర్ డెస్ లిండెన్‌కు మొదట్లోనే ఒళ్లు సహకరించడం లేదని, రేసు వదిలేస్తానేమోనని అనిపించింది. తనెలాగూ ఆగిపోతానేమో కాబట్టి సాయం కావాలంటే చెప్పమని తోటి అమెరికన్ షలేన్ ఫ్లానగన్‌తో అంది. ఫ్లానగన్ టాయిలెట్‌కు ఆగితే ఆమె కోసం వేగం తగ్గించి, మళ్లీ ముందు గుంపును అందుకునేలా తోడుగా పరిగెత్తింది. చివరికి ఆ రేసు గెలిచింది లిండెనే, 2 గంటల 39 నిమిషాల 54 సెకన్లలో. ఐదో కిలోమీటరు దగ్గర మనకు కలిగే భావన ముప్పయ్యయిదో కిలోమీటరు గురించి ఏమీ చెప్పదని నాకు ఈ కథ చెబుతుంది. మీకు చేతకాదనిపించినప్పుడు పక్కన ఇబ్బంది పడుతున్నవాళ్లతో రెండు మాటలు మాట్లాడి చూడండి. నాకు అది జెల్ కన్నా బాగా పనిచేసిన రోజులున్నాయి.

ఆగాల్సిన సందర్భాలు మాత్రం ముందే తెలిసి ఉండాలి: ఛాతీ నొప్పి, తికమక, ఎండలో ఒళ్లు వణకడం, కుంటించే నొప్పి. ఇవి కనిపిస్తే ఏ లక్ష్యమూ లెక్కలోకి రాదు. వైద్య సిబ్బంది దగ్గరికి వెళ్లండి.

9. కుదరకపోతే

కెన్యా మారథాన్ రన్నర్ ఎలియుడ్ కిప్చోగే 2017 మే నెలలో ఇటలీలోని మోంజాలో రెండు గంటల లోపు మారథాన్ దూరం పరిగెత్తే ప్రయత్నం చేసి, 2:00:25 దగ్గర ఆగాడు. 2019 అక్టోబర్ 12న వియన్నాలో 1:59:40. వేగం కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసిన పరుగులు కాబట్టి అవి అధికారిక రికార్డులు కావు. కానీ మొదటి ప్రయత్నంలో 25 సెకన్ల దూరం మిగిలిందని తెలియడం వల్లే రెండోది దేనికోసమో స్పష్టమైంది.

రేసు తప్పిన రోజున ఏ నిర్ణయమూ తీసుకోకండి. రెండు వారాలు విశ్రాంతి. ఆ తర్వాత పుస్తకంలో కొత్త పేజీ తీసి మూడు ప్రశ్నలు రాయండి: మొదటి పది కిలోమీటర్లు ఏ పేస్‌లో వెళ్లాను? ఏ కిలోమీటరు దగ్గర ఎన్ని గ్రాములు తిన్నాను? 26 దాటిన లాంగ్ రన్‌లు నిజంగా ఎన్ని పూర్తయ్యాయి? “నేను పనికిరాను” అన్న వాక్యం రాయాలనిపిస్తే రాయండి, కానీ ఈ మూడింటికీ అంకెలు రాశాకే.

నా పేజీలో జవాబులు ఇలా ఉన్నాయి: లక్ష్యం కన్నా 20 సెకన్లు వేగంగా, 25వ కిలోమీటరు దగ్గర మొదటి జెల్, లాంగ్ రన్‌లు రెండే. ఆరు నెలల తర్వాత మళ్లీ అదే దూరానికి నిలబడ్డాను. మొదటి జెల్ ఆరో కిలోమీటరు దగ్గర తీసుకున్నాను. 33 బోర్డు కనిపించేసరికి ఆ గొంతు మొదలుపెట్టింది. వింటూ ఇంకో జెల్ చింపాను, భుజాలు వదిలాను, చిన్న అడుగులు వేశాను. అది ఇంకా ఏదో అంటుండగానే 34 బోర్డు వచ్చింది.